ఊరికొక రాయి

మా విభాగంలో చేరినవాళ్లు మొదటిరోజు పుస్తకం తేకపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. రాయి తేకపోతే మాత్రం తరగతిలోకి రానిచ్చేవాళ్లం కాదు. ఎవరి ఊరి రాయి వాళ్లు తేవాలి. దారిలో బస్సు దిగి ఏరుకొచ్చింది చెల్లదు. తన ఊరి చేనులోనో, వంకలోనో, ఇంటి వెనక దిబ్బ మీదో దొరికింది తెచ్చి, బల్ల మీద పెట్టి, దాన్ని గురించి తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాలి. తెలియకపోతే కంటికి కనిపించింది చెప్పాలి. అదయ్యాక ఆ రాయి మీద తెల్ల పెయింటుతో ఊరి పేరు రాసి బీరువాలో పెట్టేవాళ్లం. తెచ్చిన మనిషి పేరు ఎక్కడా రాసేవాళ్లం కాదు. భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ మొదటి పాఠం మా దగ్గర అట్లా మొదలయ్యేది.

ఈ ఆచారం పెట్టింది మా పెద్దసారు. విభాగానికి మొదటి అధిపతి, కోస్తా నుంచి వచ్చినాయన. ఆయన వచ్చేనాటికి ఇది విశ్వవిద్యాలయం కాదు. పక్క జిల్లా యూనివర్సిటీ వాళ్లు మా మీద దయ తలచి ప్రొద్దుటూరు పొలిమేరలో తెరిచిన పీజీ కేంద్రం. మూతబడిన పత్తిమిల్లు గోడౌను అద్దెకు తీసుకుని, మధ్యలో ప్లైవుడ్డు చెక్కలు నిలబెట్టి, ఇటు కామర్సు, అటు తెలుగు, చివర్లో మేము. తెలుగువాళ్లు పద్యం ఎత్తుకుంటే మా సారు పాఠం ఆపి వినేవారు. గోడల్లోంచి పత్తిగింజల వాసన ఎన్నేళ్లయినా పోలేదు. వాన పడితే బల్లలు ఎత్తుకుని ఒక మూలకు చేరేవాళ్లం.

నేను మొదటి బ్యాచ్. మాది ప్రొద్దుటూరులోనే బట్టల అంగడి. నేను రాళ్ల చదువులో చేరానని తెలిసిన రోజు మా నాయన చేతిలో కత్తెర కింద పెట్టాడు.

"గుడ్డయితే మీటరు కొలిచి చింపి ఇస్తాం. రాయిని ఎట్ల ఇస్తావురా నువ్వు? ఎవడొస్తాడు నీ అంగటికి?" అన్నాడు.

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు తర్వాత నా బతుకంతా వెంటవచ్చింది.

పెద్దసారు రాయి తెమ్మన్న రోజు సాయంత్రం నేను ఊరంతా తిరిగాను. ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి. ఎంత తవ్వినా జిగురుమన్నే తప్ప రాయి తగలదు. ఊరి లోపల సిమెంటు, దాని పక్కన అంగడి, దాని పక్కన ఇంకో అంగడి. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే పిల్లలు సంచుల్లో సున్నపురాళ్లు మోసుకొస్తారని తెలుసు, పులివెందుల పిల్లలకైతే ఇల్లు దిగితే కొండే. నాకేమో గులకరాయి కూడా గతిలేదు. చివరికి మా పక్క బంగారం అంగట్లో అరిగిపోయి మూలన పడేసిన, బంగారం గీసి చూసే గీటురాయి అడిగి తెచ్చుకున్నాను.

తరగతిలో దాన్ని బల్ల మీద పెట్టగానే అందరూ పకపకా నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. వేలితో దాన్ని రుద్ది చూశారు.

"ఇది మీ ఊళ్లో పుట్టిన రాయి కాదు కదయ్యా. మరెందుకు తెచ్చావు?" అన్నారు.

"మా ఊర్లో రాయంటే ఇదే సార్. ఊరినిండా బంగారం అంగళ్లే. ఇది లేకుంటే మా ఊరే ల్యా" అన్నాను.

అప్పుడు నవ్వారాయన, కళ్లలో నీళ్లొచ్చేదాకా. బ్రష్షు తీసుకుని ఆ నల్లరాయి మీద 'ప్రొద్దుటూరు' అని తనే రాశారు. బీరువాలో పై అరలో పెట్టారు. నా బతుకులో నాకు దక్కిన పెద్ద గౌరవం ఇప్పటికీ అదేనని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

చదువయ్యాక నేను అక్కడే పాఠాలు చెప్పడానికి చేరాను. తర్వాత మాకు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ మధ్యన, ఎవరికీ ఎందుకూ పనికిరాని గుట్ట మీద స్థలమిచ్చారు. అక్కడ నిలబడితే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడేవి, తాగడానికి నీళ్లు మాత్రం కనబడేవి కావు. పెద్దలు వచ్చి శిలాఫలకం ఆవిష్కరించి పోయారు. రాళ్లకు పుట్టినిల్లయిన జిల్లాలో ఆ ఫలకం రాయి ఎక్కడినుంచో తెప్పించిన పాలరాయి. పెద్దసారు దాన్ని చూసి తల పట్టుకున్నారు. ముందు పరిపాలనా భవనం లేచింది. తర్వాత వీసీగారి బంగళా లేచింది. తరగతి గదులు ఆ తర్వాత. నీళ్లు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చాయి, అదీ ట్యాంకరులో.

అయినా మేం సంతోషంగానే ఉన్నాం. గోడౌనులోని రాళ్లన్నిటినీ పత్తి సంచుల్లో కట్టి, లారీలో వేసుకుని, వాటి మీదే కూర్చుని గుట్ట ఎక్కాం. కొత్త భవనంలో మాకొక పొడుగాటి గది ఇచ్చారు. గోడ వెంబడి బీరువాలు, వాటినిండా ఊర్లు. ఏటా కొత్త పిల్లలు వచ్చేవాళ్లు, కొత్త ఊర్లు చేరేవి. మా జిల్లా రాళ్లకు భూగర్భశాస్త్రంలో మా ఊర్ల పేర్లే పెట్టి ఉన్నారు. పులివెందుల పేరు మీద ఒక రాతిపొర ఉంది, గండికోట పేరు మీద ఒకటి ఉంది. పాఠ్యపుస్తకంలో తమ ఊరి పేరు చూసిన పిల్లవాడు నిటారుగా కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లలో కొందరికి ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో పని దొరికింది. కొందరు బోర్లకు నీళ్లు చూసే ఆఫీసుల్లో కుదురుకున్నారు. గండికోట జలాశయం నిండి కొన్ని ఊర్లు మునిగిపోయినప్పుడు, ఆ ఊర్లవాళ్లు కొందరు మా గదికి వచ్చి, బీరువా తలుపు తీయించుకుని, తమ ఊరి రాయిని చేత్తో తడిమి పోయారు. ఒక ముసలాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

పెద్దసారు రిటైరయ్యారు. ఆయన కుర్చీ అట్లాగే ఉండిపోయింది. తర్వాత ఇంకొకాయన రిటైరయ్యాడు, ఇంకొకాయన బదిలీ చేయించుకుని వాళ్ల ఊరి దగ్గరికి పోయాడు. ఖాళీలు నింపుతామని నోటిఫికేషను వచ్చేది. ఎవరో కోర్టుకు పోయేవారు. కేసు తేలేలోపు ప్రభుత్వం మారేది, కొత్తవాళ్లు పాత నోటిఫికేషను రద్దు చేసేవాళ్లు. ప్రతిసారీ నేను దరఖాస్తు పెట్టాను. ప్రతిసారీ నా వయసు పెరిగింది తప్ప ఇంకేమీ జరగలేదు. నేను చేరినప్పుడు అకడమిక్ కన్సల్టెంటును, ఇప్పుడూ అదే. ఆ పేరు వింటే ఏదో పెద్ద కొలువనిపిస్తుంది. నిజానికి చదువుల ఏడాది ముగియగానే మమ్మల్ని ఇంటికి పంపి, మళ్లీ తెరిచాక బుద్ధిపుడితే పిలుస్తారు. మధ్యలో ఉన్న రోజుల్ని 'బ్రేక్' అంటారు. ఆ బ్రేకులో నేను మా అంగట్లో నాయన పక్కన నిలబడి గుడ్డలు చింపేవాణ్ణి. ఒకసారి నా విద్యార్థే పెళ్లిబట్టలకు వచ్చాడు.

"సార్, మీరేంది ఈడ?" అన్నాడు, నోరు తెరిచి.

"ఈడైతే ఎవరూ బ్రేకు ఇయ్యరు నాయనా" అన్నాను. వాడు నవ్వాలో వద్దో తెలియక చీరల వైపు తిరిగాడు.

ఇంఛార్జి వీసీలు వేరే జిల్లాల నుంచి కార్లలో వచ్చి, సంతకాలు పెట్టి, చీకటి పడకముందే పోయేవాళ్లు. మైక్రోస్కోపుల అద్దాలకు బూజు పట్టింది. క్షేత్రపర్యటన బస్సు టైర్లు నేలకు అంటుకుపోయాయి. కింద డిగ్రీ కాలేజీల్లో మా సబ్జెక్టును ఎత్తేశారు. పిల్లలందరూ కంప్యూటర్ల వైపు వెళ్లిపోయారు, వాళ్లను నేనేమీ అనను. చివరికి విభాగంలో మిగిలిన పంతులు నేనొక్కణ్ణే. అధిపతిని నేనే, గుమాస్తాను నేనే, పొద్దున గది ఊడ్చేదీ నేనే.

ఈ ఏడాది సర్క్యులరు వచ్చింది. పదిమంది కూడా చేరని విభాగాలను వేరే విభాగాల్లో కలిపేస్తారట. కలపడమంటే మూసేయడమే, మర్యాదగా చెప్పారంతే. మూస్తే నా కొలువు పోతుంది. అది పోయినా అంగడి ఉంది, అన్నం దొరుకుతుంది. ఆ గది పోతుందన్న ఆలోచనే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇక పిల్లల కోసం తిరగడం మొదలుపెట్టాను. పంతుళ్లు పాఠాలు మానుకుని ఇంటింటికీ పోయి పిల్లల్ని అడుక్కోవడం మా దిక్కు కొత్త కాదు. అన్ని విభాగాలవాళ్లూ అదే పని. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన అంగళ్లన్నీ ఎక్కి దిగాను. ఒక బంగారం అంగడాయన నాకు కాఫీ తెప్పించాడు. వాళ్లమ్మాయి బీఎస్సీ పాసైంది.

"మామా, తప్పుగా అనుకోవద్దు. రాళ్లు సదివించి, పాప పెండ్లికి వచ్చినోళ్లకు ఏమని చెప్పుకోవాల?" అన్నాడు.

"మీ గీటురాయి లేకుండా మీరు బంగారం కొంటారా?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"అది రాయేంది మామా, అది అంగడి సామాను. ఇప్పుడు దానికీ మిషనొచ్చింది" అన్నాడాయన నెమ్మదిగా. కాఫీ బాగుంది. తాగి లేచి వచ్చేశాను.

జమ్మలమడుగులో ఒక డిగ్రీ కాలేజీ గేటు ముందు ఎండలో నిలబడ్డాను. ఇంకో నలుగురు పంతుళ్లు, వేరే వేరే యూనివర్సిటీల నుంచి, అదే గేటు ముందు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో రంగుల కరపత్రాలు, ఒకాయన చేతిలో మజ్జిగ ప్యాకెట్ల పెట్టె. బెల్లు కొట్టగానే పిల్లలు బయటికొచ్చారు. మజ్జిగ తీసుకున్నారు, కరపత్రాలు తీసుకున్నారు, నా దగ్గర ఆగినవాడు లేడు. నా చేతిలో నమూనాగా తెచ్చిన సున్నపురాయి ఒకటుంది. ఒక కుర్రాడు దాన్ని చూసి, "ఏం సార్, ఎవరినన్నా కొడతాండారా?" అన్నాడు. వాడి జోకు బాగానే ఉంది. నేను రాయిని సంచిలో వేసుకున్నాను.

పులివెందుల అవతల ఒక పల్లెకు కూడా పోయాను. చీనీతోట, అంటే బత్తాయిల తోట, ఉన్న రైతు ఇల్లు. ఆయన కూతురు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. అప్పటికే చాలామంది పంతుళ్లు వచ్చి పోయినట్టున్నారు, నన్ను చూడగానే ఆయన నవ్వి మంచం వాల్చాడు.

"ఇది సదివితే కొలువు వస్తాదా సార్?" అన్నాడు సూటిగా.

"చెప్పలేనప్పా. రావచ్చు, రాకపోవచ్చు. నాకే సరైన కొలువు ల్యా" అన్నాను.

ఆయన ఇంట్లోకి తిరిగి, "మే, ఇట్ల రా. అందరూ వస్తాదనే చెప్పిపోయినారు. ఈ సారొక్కడే గ్యారంటీ లేదన్న్యాడు. నీ ఇష్టం" అన్నాడు.

ఆ అమ్మాయి గడప దగ్గర నిలబడి, ఏం చదవాల్సి ఉంటుందని అడిగింది. చెప్పాను. ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు, వాళ్ల కొండ ఎట్లా పుట్టిందో, ఈ నేలంతా ఒకప్పుడు సముద్రం కింద ఎట్లా ఉండేదో. చాలా రోజుల తర్వాత పాఠం చెప్పినట్టయింది. చివరికి రాయి సంగతి కూడా చెప్పాను.

"ఎంత రాయి తేవాల సార్?"

"నువ్వు మోయగలిగినంత."

"అట్లయితే వస్తా" అంది. వాళ్ల నాయన పెద్దగా నవ్వాడు. నాకైతే లేచి ఎగరాలనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంకెవరిని పట్టుకురావాలా అని లెక్కలు వేసుకుంటూ వచ్చాను.

మరుసటి పొద్దున యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు దిగాను. ఆ వారం గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది. అంతటా సున్నం కొడుతున్నారు, కుండీలు అద్దెకు తెచ్చి పెడుతున్నారు. గేటు నుంచి పరిపాలనా భవనం దాకా మట్టిరోడ్డు వానకు గుంటలు పడి బురదగా ఉండేది. ఇప్పుడు గుంటలు పూడ్చి ఉన్నాయి. రోలరు దాని మీద ముందుకూ వెనక్కూ పోతోంది. నేను బాగానే చేశారనుకుంటూ నడిచాను. కాలి కింద తెల్లగా ఏదో కనబడింది. వంగి చూశాను. 'కొండాపు' అని ఉంది. మిగిలిన అక్షరాలు మట్టిలోకి పోయాయి.

అప్పటికీ నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంకో రెండడుగులు వేశాను, ఇంకో ఊరు. ఆ పక్కన ఇంకొకటి. రోడ్డు పొడుగునా మా బీరువాల్లోని రాళ్లు పరిచి ఉన్నాయి.

గదికి పరిగెత్తాను. తలుపు బార్లా తీసి ఉంది. బీరువాలు లేవు. గోడకు తెల్ల తెర తగిలించి, కొత్త కుర్చీలు వేసి, పైన 'స్మార్ట్ తరగతి గది' అని బోర్డు పెట్టారు. పనులు చూస్తున్న మేస్త్రీ నాకు నమస్కారం పెట్టాడు.

"గది ఖాళీ చేయమన్న్యారు సార్. మంచి గట్టిరాళ్లు, రోడ్డుకు బాగా పనికొచ్చినాయి. లేకుంటే కంకర ట్రాక్టరు పిలిపించాల్సి ఉన్న్యా" అన్నాడు. పని బాగా చేశానన్న సంతోషం అతని ముఖంలో కనిపిస్తోంది. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

పై అధికారి దగ్గరికి పోయాను. ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు, గట్టిగానే మాట్లాడి ఉంటాను, ఎందుకంటే పక్క గదుల్లోంచి మనుషులు వచ్చి చూశారు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు.

"గుట్ట మీద ఉన్నామండీ. రాళ్లకేం కరువు? కమిటీ వెళ్లిపోయాక మళ్లీ ఏరుకోండి" అన్నారు.

నీళ్లలో మునిగిన ఊర్ల రాళ్లు ఏరాలంటే ఈత రావాలని చెబుదామనుకున్నాను. చెప్పినా ఆయనకు అర్థం కాదు. నాలో కోపం చచ్చిపోవడం నాకే తెలిసింది. కోపం ఉన్నన్నాళ్లూ ఏదో ఆశ ఉందని అర్థం, అది లేకపోతే ఇక ఏమీ లేదు.

సాయంత్రం దాకా రోడ్డు మీద వంగి తిరిగాను. కొన్ని పగిలిపోయాయి, కొన్ని అడుక్కు పోయాయి, మిగిలినవి కదిలించబోతే వేళ్లు చీరుకున్నాయి. నా గీటురాయి కోసం కూడా చూశాను. నల్లరాయి, బురదలో ఎట్లా కనిపిస్తుంది? వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి కేకేశాడు.

"ఏం పారేసుకుంటిరి సార్?"

"ఏం లేదులేప్పా" అన్నాను. మరుసటి రోజు పైన దుమ్ముమట్టి పోసి చదును చేసేశారు. కమిటీవాళ్ల కార్లు దాని మీద కుదుపు లేకుండా లోపలికి వచ్చాయి.

ఆ తర్వాత నేను ఎవరి ఇంటికీ పోలేదు. పోయినా పదిమంది అయ్యేవాళ్లు కాదేమో. ఆ అమ్మాయితో కలిపి చేరతామన్నవాళ్లు ఐదుగురే. చేరిక రోజు పొద్దున నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు, మా విభాగం పర్యావరణశాస్త్రంలో కలిసిపోయిందని. నన్ను బ్రేకు నుంచి మళ్లీ పిలిచే కాగితం దాని పక్కన లేదు. అయినా ఆ రోజు నేను పోయాను. పిల్లలు వస్తారు కదా, ఎవరో ఒకరు ఎదురుపడి చెప్పాలి.

మిగిలినవాళ్లు ఫోను చేస్తే మానుకున్నారు. పులివెందుల అమ్మాయి ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నం వాళ్ల నాయన మోటారుసైకిలు మీద వచ్చింది. ఒడిలో తువ్వాలులో కట్టిన మూట. నేను భవనం మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

"సార్, రోడ్డు మింద మా మేనత్త ఊరి పేరుండాది. అదేంది?" అంది బండి దిగుతూనే.

ఆ మధ్య పడిన వానలకు పైన పోసిన మట్టి కొట్టుకుపోయి పేర్లు మళ్లీ బయటపడ్డాయని అప్పుడే చూశాను. ఆమెకు అంతా చెప్పాను. విభాగం సంగతి, గది సంగతి, రోడ్డు సంగతి. వాళ్ల నాయన బండి స్టాండు వేసి, తల వంచుకుని విన్నాడు. ఆ అమ్మాయి మూట విప్పి రాయిని మెట్టు మీద పెట్టింది.

బూడిదరంగు రాయి, కొత్తగా విరిచింది. విరిగిన ముఖం మీద ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లాంటి గీతలు, ఒకదాని మీద ఒకటి, ఎక్కడా చెదరకుండా. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకు తిప్పాను. చెట్టూ చేపా పుట్టకముందు, ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, ఆ నీళ్లలో పెరిగిన నాచులాంటి జీవం వదిలిపోయిన గుర్తు అది. పులివెందుల, వేంపల్లె కొండల్లో ఉంటాయని పాఠం చెప్పేవాణ్ణి. అరాకొరా ముక్కలు చూపించేవాణ్ణి. ఇంత నిండైనది ఇన్నేళ్లలో మా బీరువాల్లోకి రాలేదు.

"యాడిదిది?"

"మా తోట గట్టు మింద పెద్ద బండుండాది సార్. నాయన దాని మింద కూసోనే బువ్వ తింటాడు. అందులోది ఒక చెక్క పగలగొట్టి ఇచ్చినాడు."

"ఏం కనిపిస్తాందో చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుని చెప్పింది. రంగు చెప్పింది, గీతలు చెప్పింది, అవి కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల ఎడంగా ఉన్నాయని చెప్పింది. ఎందుకట్లా ఉన్నాయో నేను చెప్పాను. వాళ్ల నాయన కూడా వచ్చి వంగి చూశాడు. ఇన్నేళ్లూ దేని మీద కూర్చుని అన్నం తిన్నాడో తెలిసి, "శానా దొడ్డదే" అన్నాడు మెల్లగా. మా విభాగంలో చివరి తరగతి అదే.

అయిపోయాక నాకు దురాశ పుట్టింది. "దీన్ని నా దగ్గర పెట్టి పో తల్లీ. ఊరి పేరు రాసి దాచిపెడతా" అన్నాను.

ఆమె గేటు వైపు, ఆ రోడ్డు వైపు చూసింది. తర్వాత రాయిని తువ్వాలులో మళ్లీ చుట్టి ముడి వేసింది.

"వద్దు సార్. ఈడ పెట్టను. ఇంటికాడ ఉంటే మా నాయనన్నా కూసుంటాడు."

నేను సరే అన్నాను. ఆమె మూట ఒడిలో పెట్టుకుని బండి ఎక్కింది. బండి రోడ్డెక్కి కొంచెం దూరం పోయి ఆగింది. వెనక నుంచి ఆమె వాళ్ల నాయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన బండిని రోడ్డు దింపి, పక్కన బురదలోంచి, కాళ్లతో ఊనుకుంటూ గేటు దాకా నడిపించుకుపోయాడు.